రక్తపు చుక్కలో మెదడు కనిపిస్తుందా?

లహరీ,

కొకైన్, మెథాంఫెటమిన్ లాంటి ఉత్తేజక మత్తుమందులకు బానిసైనవాళ్ళ రక్తంలో ఏ ప్రోటీన్ పెరుగుతుందో, ఏది తగ్గుతుందో తేలిస్తే వ్యసనాన్ని ఒక్క పరీక్షతో పట్టేయొచ్చు కదా అని అడిగావు. మందు వాడారో లేదో మూత్రపరీక్షే చెబుతుంది. వ్యసనం వేరు. దాన్ని ఒక్క అంకెతో తేల్చగలమని నేను నమ్మను. ఎందుకు నమ్మనో వివరంగా రాస్తాను. నీ ప్రాజెక్టుకు అసలు ప్రశ్న అక్కడే ఉంది.

నువ్వు ఎంచుకున్న బీడీఎన్‌ఎఫ్ (బ్రెయిన్ డిరైవ్డ్ న్యూరోట్రోఫిక్ ఫ్యాక్టర్) అనే ప్రోటీన్‌నే తీసుకో. 1982లో బార్డ్, టోనెన్ బృందం పంది మెదడు నుంచి దాన్ని వేరుచేసింది. నాడీకణాలు బతకడానికీ, వాటి మధ్య బంధాలు గట్టిపడడానికీ అది కావాలి. అయితే రక్తంలో దాని నిల్వ ఎక్కువగా ప్లేట్‌లెట్లలో ఉంటుంది. రక్తాన్ని గడ్డకట్టనిచ్చి సీరం తీస్తే అవి దాన్ని బయటికి వదిలేస్తాయి. గడ్డకట్టకుండా ఈడీటీఏ ట్యూబులో పట్టి ప్లాస్మా తీస్తే చాలా తక్కువ కనిపిస్తుంది. ఒకే మనిషి, ఒకే పూట, అయినా రెండు ట్యూబుల్లో ఎన్నో రెట్ల తేడా! 2005లో కొరియా పరిశోధకులు మెథాంఫెటమిన్ వాడేవాళ్ళ ప్లాస్మాలో ఇది ఎక్కువుందన్నారు. తర్వాత తైవాన్‌లో, మానేసిన తొలిరోజుల్లో ఉన్నవాళ్ళ సీరం చూసి తక్కువుందన్నారు. ఎవరు తప్పు అని వాదించేముందు ఏ ట్యూబు, మానేసి ఎన్నాళ్ళు అని అడగాలి.

ఇంకో చిక్కు ఇంతకన్నా లోతైనది. 2011లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు కొకైన్ మానేసి మూడు వారాలైనవాళ్ళ సీరం పరీక్షించారు. బీడీఎన్‌ఎఫ్ ఎక్కువున్నవాళ్ళే త్వరగా మళ్ళీ మందు జోలికి వెళ్ళారు. మెదడుకు మేలుచేసే ప్రోటీన్ కదా, ఇదేమిటి అనిపిస్తుంది. ఎలుకల మీద జరిగిన పనిలో కొంత జవాబు దొరుకుతుంది. కొకైన్ ఆపాక రోజులు గడిచేకొద్దీ సుఖానుభూతికి సంబంధించిన లోతట్టు భాగాల్లో ఇది పెరుగుతుంది, దాంతోపాటు మందు కోసం వెతుకులాటా పెరుగుతుంది. అదే ప్రోటీన్‌ని ముందుమెదడు పైపొరలోకి ఎక్కిస్తే ఆ వెతుకులాట తగ్గింది. అంటే ఒకచోట పెరిగితే చేటు, ఇంకోచోట పెరిగితే మేలు. చేతి నరంలోంచి తీసిన రక్తం ఆ చోటు చెప్పదు. కాలువ చివర నీళ్ళ రంగు చూసి అందులోని మట్టి ఏ ఊరి చేనుదో చెప్పమన్నట్టే ఉంటుంది.

మెదడు సంగతి నేరుగా చూడాలంటే స్కాన్లే దారి. అమెరికాలోని బ్రూక్‌హేవన్ ప్రయోగశాలలో నోరా వాల్కో బృందం పెట్ స్కాన్లతో మెథాంఫెటమిన్ వాడినవాళ్ళలో డోపమిన్ ట్రాన్స్‌పోర్టర్లు, అంటే డోపమిన్‌ని నాడీకణాల్లోకి తిరిగి లాక్కునే ప్రోటీన్లు, తగ్గినట్టు చూపింది. ఆ బృందమే ఐదుగురిని, మానేసి ఏడాది దాటాక, మళ్ళీ స్కాన్ చేసి 2001లో ప్రకటించింది. మెదడులో కాడేట్ అనే భాగంలో అవి 19 శాతం, పుటామెన్ అనే భాగంలో 16 శాతం తిరిగి పెరిగాయి. జ్ఞాపకశక్తి, చురుకుదనం మాత్రం ఆ మేరకు కోలుకోలేదు. ఐదుగురే కాబట్టి ఈ అంకెల్ని జాగ్రత్తగా పట్టుకో. అయినా వ్యసనపడిన మెదడు ఇక అంతేనని ఎవరైనా అంటే ఈ పేపరు చూపించు.

ఇంకొకటి తప్పక చదువు: కేంబ్రిడ్జిలో కారెన్ ఎర్ష్ బృందం 2012లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పని. యాభై జతల తోబుట్టువులు, ప్రతి జతలో ఒకరికే వ్యసనం. చేస్తున్న పనిని చటుక్కున ఆపుకునే శక్తి ఇద్దరిలోనూ తక్కువే. స్కాన్లలో తేడాలూ ఇద్దరిలోనూ కనిపించాయి. మరి మందు చేసిన గాయమెంత, పుట్టుకతోనో పెంపకంతోనో వచ్చినదెంత? పైగా అదే మెదడున్న రెండోవాళ్ళు వ్యసనంలో పడలేదు. వాళ్ళను ఏం కాపాడిందన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. నీ తరంలో ఎవరైనా దాన్ని పట్టుకుంటారని నా ఆశ.

ఇక నీ ప్రాజెక్టు పట్టికలో ప్రోటీన్ అంకె పక్కనే ట్యూబు రకం, ప్లేట్‌లెట్ల సంఖ్య, చివరిసారి మందు వాడిన తేదీ, సిగరెట్లు, వ్యాయామం రాయి. డీఅడిక్షన్ సెంటర్‌లో రక్తం ఇచ్చేవాళ్ళ పేర్లు పట్టికలోకి రానివ్వకు. కోలుకుంటున్న మనిషి ఉద్యోగం పోవడానికి నీ కాగితం కారణం కాకూడదు. వీలైతే ఒక్కొక్కరి నుంచి రెండుసార్లు, కొన్ని నెలల తేడాతో రక్తం తీసుకోవడానికి అనుమతి అడుగు. మీ గైడ్ ఒప్పుకుంటే ఆ అనుమతి పత్రం ముసాయిదా నాకు పంపు, తెలుగులో సులువుగా అర్థమయ్యేలా ఇద్దరం కూర్చుని రాద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్ద మామయ్య