రాగి కోత: కట్టగలిగినంతే కోయండి

మార్గశిరం వచ్చేసింది. తళి, కెలమంగలం, డెంకణికోట వైపు మెట్ట రాగి చేలు కోతకొచ్చాయి. కూలీలు దొరికిన నాడే కోత, కట్ట, కుప్ప అన్నీ ముగించేయాలన్న ఆత్రం ఎవరికైనా ఉంటుంది. చేతికొచ్చిన పంట చెడేది ఎక్కువగా ఆ ఆత్రంలోనే.

ముందు గింజ చూడండి. వెన్ను గోధుమ రంగుకు తిరిగినంత మాత్రాన సరిపోదు. నడిమి వేలి నుంచి నాలుగు గింజలు అరచేతిలో నలిపి, ఊక ఊది, పంటి కింద పెట్టండి. పటుక్కుమంటే కోయవచ్చు, మెత్తగా పిండి తగిలితే ఆగాలి. తల్లి వెన్ను ముందు పండుతుంది, పిలకల వెన్నులు వెనకబడతాయి. అందుకే సగం వెన్నులు పండగానే ఒక కోత, వారం తర్వాత రెండో కోత అని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెబుతోంది. కూలి రెండుసార్లు పడుతుంది, నిజమే. ఇంటిమనుషులే కోసుకునే అరెకరా, ఎకరా చేలకు మాత్రం ఇదే మేలు.

మంచులో కోస్తే గింజ తక్కువ రాలుతుంది. ఆ తడి ఆరకుండా కట్ట కడితేనే చిక్కు. కుప్పలో వేడి పుట్టి గింజ బూజు పడుతుంది, గడ్డి నల్లబడి ఆవులు ముట్టవు. పనలు ఆరాకే కట్టి, వెన్నులు లోపలికి, మొదళ్ళు బయటికి పెట్టి కుప్ప వేయండి. 2024 డిసెంబరు మొదట్లో ఫెంగల్ తుఫానుకు ఊత్తంగరైలో ఒక్క రోజులో సుమారు 50 సెంటీమీటర్ల వాన పడింది. అలాంటి వానకు పనల మీదున్న పైరు దక్కదు. రెండు మూడు రోజుల్లో ఆరబెట్టి కట్టగలిగినంతే కోయించండి.

పొద్దుటి నుంచీ నడుం వంచి కోసేది ఎక్కువగా ఆడవాళ్ళే. చెట్టు నీడ, మంచినీళ్ళు, మధ్యాహ్నం సంగటి తిన్నాక కాసేపు నడుం వాల్చే తీరిక ఇవ్వండి. దానికి కూలి తగ్గించకండి. పన ఎత్తేముందు కర్రతో కదపమనండి, కింద రక్తపింజరి ఉండొచ్చు. కరిస్తే తాడు బిగించడం, గాటు పెట్టడం వద్దు. కాలు కదపనీయకుండా నేరుగా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి.

నూర్పిడికి తారురోడ్డు ఎక్కకండి. బండ్లు తొక్కితే పని సులువే, కానీ రాళ్ళూ మట్టీ గింజలో కలుస్తాయి, గడ్డి మీద జారి బైకులవాళ్ళు పడతారు. 2025-26కు రాగుల మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. ఆ ధర అడగాలంటే గింజ బాగా ఎండి, శుభ్రంగా ఉండాలి. తేమ 12 శాతానికి దిగేదాకా ఎండబెట్టండి.

ఇక ఏనుగులు. బన్నేరుఘట్ట వైపు నుంచి మందలు జవళగిరి, సానమావు అడవుల మీదుగా దిగేది ఈ రాగి కోసమే. అడవి అంచు చేలల్లో బాగా తెల్లవారాకే అడుగుపెట్టండి, ఐదింటికల్లా కొడవళ్ళు దించేయండి. కుప్ప చేలో వదలకుండా ఊరి పక్క కళ్ళానికి చేర్చండి. ఒంటరిగా కాపలా పడుకోకండి. కంచెకు కరెంటు పెట్టడం నేరం. దానికి మనుషులూ బలయ్యారు. మంద పడి పైరు పోతే ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసి, చేను సర్దకముందే అటవీ శాఖవారికీ వీఏవోకూ చూపించి, పరిహారానికి అర్జీ పెట్టండి.