పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేవాళ్లతో

పగలు ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు గీయడం, రాత్రి పిల్లల కథలకు బొమ్మలు వేయడం. నా జీవితమంతా ఈ రెండు పనులతోనే గడిచింది. హిందూపురం నుంచి, పెనుకొండ నుంచి బొమ్మలు నేర్చుకుంటామని పిల్లలు వస్తుంటారు. వాళ్లతో మాట్లాడేవే ఇక్కడ రాస్తున్నాను. బొమ్మలో చూసేవాళ్లకు కొంత పని మిగల్చాలన్నదే వీటిలో ముఖ్యంగా నేను చెప్పదలచింది.

1. ముందు నీడను గీయడం నేర్చుకోండి.

ధర్మవరం మండలంలోనే నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలు చేసే ఊరు. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. బొమ్మలు వేసేవాళ్లు ఒక్కసారైనా అక్కడికి వెళ్లి, పని జరిగేచోట కూర్చుని చూడాలి. మేకతోలు మీది వెంట్రుకలు తీసేసి, బిగలాగి ఆరబెడతారు. ఆరాక అది దీపం వెలుగును తన గుండా రానిస్తుంది. దాని మీద గీతలు గీసి, రంగులు అద్ది, ఉలితో చిల్లులు కొడతారు. పగటిపూట చేతిలోకి తీసుకుంటే ఆ చిల్లులు వట్టి చిల్లులే. రాత్రి తెర వెనక దీపం వెలిగిందంటే అవే హారాలు, అవే వడ్డాణాలు, కిరీటంలో రాళ్లూ అవే. నగలు పెట్టాల్సిన చోట వెలుగుకు దారి వదిలి, మిగతాది మన కంటికి అప్పగించారు.

ఆ ముఖాలు చాలావరకు పక్కనుంచి చూసినట్లుంటాయి. ముక్కు, గడ్డం, జుట్టు, నడుం ఒంపు, వీటిని బట్టే మనిషి ఎవరో తెలియాలి. తోలుబొమ్మలాటలో నవ్వించే కేతిగాడు తెర మీదికి వచ్చీ రాగానే, ఎక్కడో వెనక జేజి ఒళ్లో కూర్చున్న బిడ్డ కిలకిలా నవ్వుతుంది. వాడింకా నోరు విప్పనే లేదు.

ఇంటికి వచ్చాక ఒక పని చేయండి. మీరు వేసిన బొమ్మ మీద పల్చటి కాగితం పరిచి, మనుషుల ఆకారాలన్నిటినీ నల్ల ఇంకుతో నింపేయండి. రాజెవరో, దొంగెవరో అప్పటికీ తెలుస్తున్నారా? తెలియకపోతే కళ్లూ కనుబొమలూ ఎంత దిద్దినా లాభం లేదు. మళ్లీ మొదటినుంచి వేయండి.

2. కథలో ఏ క్షణాన్ని వేయాలో తేల్చుకోవడమే సగం పని.

చందమామలో శంకర్ గారు వేసిన బేతాళ కథల బొమ్మ తెలుగువాళ్లలో ఎవరికి తెలియదు? భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం. విక్రమార్కుడు నడుస్తున్నాడు, అంతే. కత్తి ఎవరి మీదా పడలేదు, బేతాళుడు ఇంకా ఎగిరిపోలేదు. ఏదో జరగబోతోందని మాత్రం తెలుస్తోంది. ఆ తర్వాతేమిటన్నది పిల్లల తలలో మొదలవుతుంది. దశాబ్దాల పాటు ఆ రాజును వేసిన ఆ పెద్దాయన 2020లో పోయారు. మరుసటి ఏడాది పద్మశ్రీ ప్రకటించారు. ఆయన బొమ్మలు చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది: దెబ్బ పడ్డాక వేసిన బొమ్మను ఒకసారి చూస్తాం, పడబోయే ముందు వేసినదాన్ని పదేపదే చూస్తాం.

ఒక్క క్షణం చాలని కథలూ ఉంటాయి. వాటికి లేపాక్షి చూడాలి. హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లు. విజయనగర కాలపు చిత్రకారులు అక్కడ మండపాల పైకప్పుల మీద కథలను పట్టీలు పట్టీలుగా, ఘట్టం పక్కన ఘట్టంగా వేశారు. మనునీతి చోళుడి కథ కూడా ఉంది. రాజకుమారుడి రథం కింద ఆవుదూడ నలిగిపోవడం, తల్లి ఆవు న్యాయం కోరి రాజు దగ్గరికి రావడం, కొడుకని కూడా చూడకుండా రాజు తీర్పు చెప్పడం. ఏ దేశంలో పుస్తకమై వచ్చినా పిల్లలు ఊపిరి బిగబట్టి పేజీ తిప్పే కథ అది. తలెత్తి చూస్తూ నడిచేవారి కాళ్లే అక్కడ పేజీలు తిప్పుతాయి. బొమ్మల కథ బయటినుంచి దిగుమతి అయిందనుకునే పిల్లలను నేను ముందు అక్కడికే పంపిస్తాను.

3. ఆ ఊరి పిల్లలు ఆ ఊరిని గుర్తుపట్టాలి.

మా పిల్లల చేతికి వచ్చే పుస్తకాల్లో పల్లెటూరు అంటే కొబ్బరిచెట్లు, కాలువ, వాలుకప్పు పూరిల్లు. అనంతపురం వైపు పల్లెలో ఉండేవి మిద్దెలు, గుండ్రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్లున్న కొండలు, ఎర్రనేల, చెనక్కాయ చేలు. ఒక పుస్తకంలో చెనక్కాయలు చెట్టుకొమ్మలకు గుత్తులుగా వేలాడుతున్నట్లు వేశారు. చేలో కట్టె పీకి, మట్టి దులిపి, పచ్చికాయ వలుచుకు తినే పిల్లలు ఆ పుస్తకంలో ఇంకే మాటనైనా నమ్ముతారా?

మగ్గం సంగతీ అంతే. నేతగాడి కాళ్లు గుంటలో ఉంటాయి. నాడె ఏ చేతినుంచి ఏ చేతికి పోతుందో, పైన డిజైను చిల్లులున్న జకార్డు అట్టలు ఎట్లా వేలాడతాయో మా వీధి పిల్లలకు అక్షరాల కంటే ముందే తెలుసు. చూడకుండా వేయకండి. సోవియట్ పిల్లల పుస్తకాలు తెలుగులో చవకగా దొరికే రోజుల్లో నేను వాటిని ప్రాణంగా చూసుకున్నాను. మంచునూ, రష్యా పల్లె ఇళ్లనూ అంత ప్రేమగా వేసినవాళ్లు వాటి మధ్య బతికినవాళ్లు.

4. పెద్దదాన్ని చూపించడానికి చిన్నవి కావాలి.

పెనుకొండలో కుంభకర్ణుడి విగ్రహం దగ్గర పిల్లలను గమనించండి. నిద్రపోతున్న ఆ పెద్ద ఒంటిని లేపాలని చిట్టి రాక్షసులు తంటాలు పడుతుంటారు. పిల్లల కళ్లు ముందు వాళ్ల మీదికే పోతాయి, ఆ తర్వాతే ఆయన ఎంత పెద్దవాడో తెలుస్తుంది. పేజీ అంతా ఏనుగును నింపితే ఏనుగు పెద్దదైపోదు. దాని కాలి పక్కన ఒక కోడిపిల్లను పెట్టండి.

5. గీత తగ్గించడానికి ధైర్యం కావాలి.

ముళ్లపూడి వారి బుడుగుకు బాపు గారు వేసిన బొమ్మలు తీసి, ఏమేం వేయలేదో చూడండి. గోడ లేదు, నేల లేదు, చాలాచోట్ల నీడ కూడా లేదు. బుడుగు నిలబడిన తీరులోనే వాడి పొగరంతా ఉంది. ఇల్లు మనమే కట్టుకుంటాం.

6. అచ్చు ఎట్లా పడుతుందో తెలుసుకోండి.

మా రోజుల్లో జింకు బ్లాకులు. లైన్ బ్లాకులో నలుపు ఉంటుంది, తెలుపు ఉంటుంది, మధ్యలో బూడిదరంగు ఉండదు. నీడ కావాలంటే సన్నగీతలో చుక్కలో పెట్టాలి. పేజీకంటే పెద్దగా వేసి ఇస్తే ప్రెస్సులో తగ్గించేవాళ్లు. తగ్గినప్పుడు దగ్గర దగ్గర గీతలు కలిసిపోయి మసిముద్ద అయ్యేవి. నాకు అప్పుడు చీరల పనే ఆదుకుంది. జకార్డుకు గ్రాఫు కాగితం మీద నెమలిని వేసేటప్పుడు ఒక్కో గడి నిండాలి, లేదా ఖాళీగా ఉండాలి. సగం గడి అన్నది లేదు. ఇప్పుడు కంప్యూటరులో వేసేవాళ్లు కూడా పుస్తకం సైజులో ఒకసారి ప్రింటు తీసి, చేయి చాచి పట్టుకుని చూసుకోవాలి.

7. డబ్బు మాట ముందే మాట్లాడండి.

చందమామలో శంకర్, చిత్ర లాంటివాళ్లు నెలజీతం మీద బొమ్మలు వేశారు. అట్లాంటి కొలువులు ఇప్పుడు అరుదు. పిల్లల బొమ్మల మీదే ఇల్లు గడవడం కష్టం. డ్రాయింగు మాస్టరు ఉద్యోగమో, చీరల డిజైనో, బోర్డుల పనో చేతిలో ఉంచుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు, చేయి రోజూ ఆడుతూనే ఉంటుంది. ఒప్పుకునే ముందే మూడు సంగతులు కాగితం మీద రాయించుకోండి: ఎంత ఇస్తారు, పుస్తకం మీద మీ పేరు ఎక్కడ వేస్తారు, అసలు బొమ్మలు ఎప్పుడు తిరిగి ఇస్తారు. తిరిగి వచ్చిన బొమ్మ వెనక కథ పేరు, నెల, సంవత్సరం పెన్సిలుతో రాసి, గోడకు ఆనించకుండా పొడిగా ఉన్న పెట్టెలో పెట్టండి. గోడకు ఆనితే చెదలు పడతాయి.