సర్వే గొలుసు – మన తాతల పేర్లు
(సాంఘిక శాస్త్రం పాఠం)



"మీ తాతగారి నాన్న ఏ చేను దున్నాడు?" అని అడిగితే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు వేలెత్తి చూపిస్తారు. "దానికి కాగితం ఉందా?" అంటే మాత్రం చాలామంది దగ్గర జవాబుండదు. మన్యంలో మనిషి ముందొచ్చాడు, చేను ముందొచ్చింది, కాగితం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. ఎందుకు ఆలస్యమైంది? ఉన్న కాగితాల్లో మనవాళ్ళను ఎలా వెతకాలి? ఈ పాఠంలో చూద్దాం.

1. తెల్లవాళ్ళ సర్వేలు రెండు రకాలు

మొదటిది దేశపటం కోసం చేసిన పెద్ద సర్వే. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద సుమారు ఏడున్నర మైళ్ళ గీతను ఉక్కు గొలుసుతో కొలిచి దీన్ని మొదలుపెట్టాడు. అక్కడినుంచి కొండ కొండకూ త్రిభుజాలు కట్టుకుంటూ ఉత్తరానికి వెళ్ళారు. ఆయన దగ్గర చేరిన జార్జి ఎవరెస్టు కృష్ణా, గోదావరి నదుల మధ్య అడవుల్లో పనిచేస్తూ తీవ్రమైన జ్వరంతో పడిపోయాడు. 1820లో ఒళ్ళు బాగుచేసుకోడానికి ఆఫ్రికా ఖండం దక్షిణ కొసకు వెళ్ళాల్సి వచ్చింది. ఎవరెస్టు శిఖరానికి పెట్టింది ఈయన పేరే. ఈ సర్వేలో కొండల ఎత్తులు దొరుకుతాయి గానీ రైతుల పేర్లు దొరకవు.

రెండోది శిస్తు కోసం చేసిన సర్వే. మన ఇంటి చరిత్రకు పనికొచ్చేది ఇదే. 1858 నుంచి మద్రాసు రాజధానిలోని రైత్వారీ ఊళ్ళను చేను చేనుగా కొలిచారు. ప్రతి చేనుకూ ఒక నంబరు ఇచ్చారు, హద్దు రాళ్ళు పాతారు. శిస్తు ఎవరు కట్టాలో ఆ పేరు పుస్తకంలో రాశారు. శిస్తు కట్టేవాడి పేరే రాశారన్న సంగతి గుర్తుపెట్టుకోండి. ముందుముందు అది చాలా అవసరం.

2. గొలుసు లెక్క

సర్వే గొలుసు పొడవు 66 అడుగులు. అందులో 100 లింకులు ఉంటాయి. పాత కొలతల పుస్తకంలో (దాన్ని ఎఫ్.ఎం.బి. అంటారు) గీతల పక్కన కనిపించే అంకెలు ఈ లింకులే. కొత్తవాటిలో మీటర్లు ఉంటాయి.

1 లింకు = 7.92 అంగుళాలు
10 చదరపు గొలుసులు = 1 ఎకరం
1 ఎకరం = 100 సెంట్లు = 1,00,000 చదరపు లింకులు
1 సెంటు = 1,000 చదరపు లింకులు
1 ఎకరం = 40 గుంటలు (1 గుంట = 121 చదరపు గజాలు)

ఉదాహరణ: ఒక చేను పొడవు 250 లింకులు, వెడల్పు 200 లింకులు. వైశాల్యం 250 × 200 = 50,000 చదరపు లింకులు. వెయ్యితో భాగిస్తే 50 సెంట్లు, అంటే అర ఎకరం.

లెక్కల పీరియడులో నేర్చుకున్న త్రిభుజ సూత్రం ఇక్కడ పనికొస్తుంది. వంకర చేనును సర్వేయరు త్రిభుజాలుగా విడగొట్టి కొలుస్తాడు.

3. గొలుసు మన కొండలకు ఎందుకు ఆలస్యంగా వచ్చింది?

1802లో మద్రాసు ప్రభుత్వం జమీందార్లతో శాశ్వత శిస్తు ఒప్పందాలు చేసుకుంది. జమీందారు తన మొత్తం కడితే చాలు, లోపల ఎవరు ఏ చేను దున్నుతున్నారో సర్కారుకు పట్టలేదు. 1839లో ఒక చట్టం తెచ్చి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాలనుంచి వేరుచేశారు. వాటిని కలెక్టరు గవర్నరు ఏజెంటుగా పాలించాడు. 'ఏజెన్సీ' అన్న మాట ఆ ఏజెంటు నుంచే వచ్చింది.

కొండల్లో చాలాచోట్ల శిస్తు వసూలు ముఠాదారు చేతిలో ఉండేది. కొన్ని ఊళ్ళు కలిస్తే ఒక ముఠా. ముఠాదారుకు సర్కారు సనదు ఇచ్చేది. కాబట్టి ఆ కాలపు కాగితంలో ముఠాదారు పేరు కనిపిస్తుంది. అడవి కొట్టి చేను చేసిన మనిషి పేరు చాలాచోట్ల కనిపించదు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవికి గీత గీసేముందు, "ఇక్కడ ఎవరికైనా హక్కులుంటే గడువులోపు చెప్పండి" అని ప్రకటన వేసి, ఫారెస్టు సెటిల్‌మెంటు ఆఫీసరు విచారణ చేసేవాడు. చదువురాని కొండ మనిషికి ఆ ప్రకటన ఏం తెలుస్తుంది? గడువు దాటితే పోడు చేను రిజర్వులో కలిసిపోయేది.

స్వాతంత్ర్యం వచ్చాక 1969 రెగ్యులేషన్‌తో ముఠాలు రద్దయ్యాయి. షెడ్యూల్డు ప్రాంతాల్లో రైత్వారీ పట్టాల కోసం 1970లో ఇంకో రెగ్యులేషన్ వచ్చింది. మైదానంలో తాత ముత్తాతల కాలంలో జరిగిన పని మనకు అప్పుడు మొదలైందన్నమాట. ఈలోగా చేతులు మారిన భూమి ఎంతో ఉంది. అందుకే 1959 నాటి భూమి బదలాయింపు రెగ్యులేషన్‌ను 1970లో గట్టిచేశారు. దీన్నే మనం 1/70 అంటాం. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి దగ్గరనుంచి వచ్చిందనే ఈ చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే.

4. కాగితంలో వెతికే పద్ధతి

పేరుతో మొదలుపెట్టకండి, చేనుతో మొదలుపెట్టండి. పేర్లు మారతాయి, ఒక సర్వే నుంచి ఇంకో సర్వే దాకా చేను నంబరు నిలబడి ఉంటుంది.

(అ) ముందు గ్రామ మ్యాపులో చేను గుర్తించి సర్వే నంబరు రాసుకోండి. వాగు, గుట్ట, మూడు ఊళ్ళ పొలిమేర కలిసే రాయి ఆనవాళ్ళుగా పనికొస్తాయి.
(ఆ) ఆ నంబరుకు సెటిల్‌మెంటు రిజిస్టరులో ఎవరి పేరుందో చూడండి.
(ఇ) తర్వాత అడంగల్. ఇందులో పట్టాదారు పేరు ఒక గడిలో, అనుభవదారు పేరు ఇంకో గడిలో ఉంటాయి. రెండూ చదవండి. పట్టా ఒకరిదై, సాగు మనవాళ్ళదై ఉండొచ్చు.
(ఈ) చేను అడవి గీత పక్కన ఉంటే ఫారెస్టు సెటిల్‌మెంటు విచారణ కాగితాలు అడగండి.

వీటికోసం తహసిల్దారు ఆఫీసు, కలెక్టరాఫీసు రికార్డు రూము, రాష్ట్ర ఆర్కైవ్స్ చూడాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద నకళ్ళు అడగవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్ళల్లో పాత నంబరుకు బదులు ఎల్.పి. నంబరు వచ్చింది. పాతదీ కొత్తదీ రెండూ పక్కపక్కన రాసి దాచుకోండి.

పేర్ల విషయంలో జాగ్రత్త! సోమవారం పుడితే సోమన్న, శుక్రవారం పుడితే సుక్రు అని పెట్టుకునే ఊళ్ళల్లో ఒకే పేరు పదిమందికి ఉంటుంది. కొర్రా, పాంగి, కిల్లో, వంతాల లాంటి ఇంటిపేర్లు ఎన్నో ఊళ్ళల్లో ఉన్నాయి. పైగా గుమాస్తా తనకు వినిపించినట్టు రాశాడు. కాబట్టి పేరు, తండ్రి పేరు, ఊరు, చేను నంబరు నాలుగూ కలిస్తేనే ఆయన మన తాత అని నమ్మాలి.

5. కాగితం లేనివాళ్ళ సంగతి

పేరు దొరక్కపోతే చరిత్ర లేదని కాదు. 2006 అటవీ హక్కుల చట్టం నియమాలు దీన్ని ఒప్పుకున్నాయి. పాత రికార్డుల్లో ఉన్న మనిషి నుంచి నేటి వరకు చెప్పే వంశవృక్షం, పాత బావులు, శ్మశానాలు, దేవతల చోట్లు, హక్కు అడిగేవారు కాక వేరే పెద్దలు చెప్పి రాయించిన మాట, ఇవన్నీ సాక్ష్యాలే. ఒకటి చాలదు, ఒకటికి మించి చూపాలి. గిరిజనులైతే 2005 డిసెంబరు 13కు ముందునుంచి ఆ భూమి తమ అధీనంలో ఉండాలి.

చూశారా! సర్వేయరు గొలుసు అందని చోట అవ్వ చెప్పే మాట సాక్ష్యంగా నిలబడుతుంది. అయితే ఆ మాట రాసి ఉండాలి. అవ్వతోపాటే పోతే ఏ ఆఫీసులోనూ దొరకదు.

సెలవుల్లో చేయవలసిన పని

1. నాలుగు తరాల వంశవృక్షం గీయండి. మగవాళ్ళతోపాటు ఆడవాళ్ళ పేర్లు, వాళ్ళ పుట్టిన ఊళ్ళు కూడా రాయండి.
2. మీ చేనుకు మీవాళ్ళు పిలిచే పేరు, చుట్టూ ఉన్న నాలుగు హద్దులు రాయండి.
3. చేలో ఉన్న పనస, చింత, మామిడి చెట్లు ఎవరు నాటారో అడగండి.
4. చెప్పినవారి పేరు, మీరు రాసిన తేదీ వేసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోండి.
5. లెక్క: భూమి 300 లింకులు, ఎత్తు 200 లింకులు ఉన్న త్రిభుజాకారపు చేను ఎన్ని సెంట్లు? (జవాబు: 30 సెంట్లు. ఎలా వచ్చిందో చేసి చూపించండి.)

కఠిన పదాలు
సనదు – సర్కారు ఇచ్చే హక్కు పత్రం
శిస్తు – భూమి పన్ను
అనుభవదారు – భూమిని నిజంగా సాగుచేసుకుంటున్నవాడు