మన యౌవనస్థులు గుంపులో ఉన్నారా?

పాఠ్యభాగము: లూకా 2:41–52
కంఠస్థ వాక్యము: 1 తిమోతి 4:12
ఉద్దేశము: సంఘములో యౌవనస్థుల కూటమును నిలువబెట్టుటలో పెద్దల బాధ్యతను తెలిసికొనుట.



యేసు పండ్రెండేండ్ల ప్రాయమున తలిదండ్రులతో పస్కా పండుగకు యెరూషలేము వెళ్లెను. తిరుగు ప్రయాణములో ఆయన తమతో లేడని మరియ యోసేపులు ఒక దినమంతయు గమనింపలేదు. గుంపులో ఎక్కడో ఉన్నాడని తలంచిరి. వారు భక్తిగలవారే. అయినను తలంచుట వేరు, చూచుకొనుట వేరు.

నెల్లూరులో అనేక సంవత్సరములు పనిచేసిన లైమన్ జూయెట్ దొరగారు 1878లో మద్రాసులో తెలుగువారి మధ్య బాప్టిస్టు సేవ ప్రారంభించిరి. నాటినుండి తరములు గడచినవి. నేటి మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు గాని బడిలో తమిళము, ఇంగ్లీషు చదువుదురు. 2006లో తమిళనాడులో చేసిన చట్టముచేత తమిళము ఒకటవ తరగతి మొదలుకొని, ఏడాదికొక తరగతి చొప్పున, పదవ తరగతి వరకు తప్పనిసరి ఆయెను. కనుక ఆదివారము మన ప్రక్కన కూర్చున్న బిడ్డ తెలుగు బైబిలు తెరచి చదువలేకపోవచ్చును. బెంచీమీద ఉన్నాడు గనుక గుంపులో ఉన్నాడని మనము తలంచుచున్నాము.

1. వెదకవలెను

మరియ యోసేపులు వచ్చిన దారినే వెనుకకు నడచిరి. బెల్జియము దేశములో జోసఫ్ కార్డిన్ అను రోమన్ కథోలిక గురువు ఉండెను. ఆయన గురువిద్య చదువు దినములలో సెలవులకు ఇంటికి రాగా, ఫ్యాక్టరీ పనికి పోయిన తన తోటి బాలురు దేవాలయమునకు దూరమైరని కనుగొనెను. ఆ భారముతోనే 1925 నాటికి యువ కార్మికుల ఉద్యమమును స్థాపించెను. బాప్తిస్మము మొదలగు విషయములలో వారి బోధ వేరు, మన బోధ వేరు. అయినను వారి విచారణలలోని యువజన సేవనుండి ఒక మంచి పద్ధతి నేర్చుకొనవచ్చును. అది మూడు మాటలు: చూడుము, వాక్యపు వెలుగులో తూచుము, చేయుము.

2. వినవలెను

దేవాలయములో బోధకులు పండ్రెండేండ్ల బాలుని తమ మధ్య కూర్చుండనిచ్చి, ఆయన ప్రశ్నలను ఆలకించిరి. మన కూటములలో సాధారణముగా ఒక ప్రసంగము, ఒక ప్రార్థన, తరువాత టీ. సగము సమయము ప్రశ్నలకు విడువుడి. ప్రశ్న అడుగని తరగతిలో పాఠము అర్థమైనదో లేదో తెలియదని ఉపాధ్యాయులెరుగుదురు. ఉద్యోగము, వివాహము, కులము, సెల్‌ఫోను, ఏది అడిగినను గద్దింపకుడి.

3. పని అప్పగింపవలెను

యేసు తన తండ్రి పనిని గూర్చి మాటలాడెను. మన పిల్లలకు కుర్చీలు సర్దు పని తప్ప ఏమి ఇచ్చితిమి? ఒక ఉదాహరణ: నెల్లూరు, గూడూరు ప్రాంతములనుండి రోగులు రైలు దిగి సెంట్రల్ ఎదుటనున్న పెద్దాసుపత్రికి వచ్చుచున్నారు. తమిళము రాక ఓ.పి. చీటీ యొద్దనే నిలిచిపోవుదురు. ఇది చూచుట. మంచి సమరయుని సంగతి చదివి ఆలోచించుట తూచుట. రెండు భాషలు వచ్చిన మన యౌవనస్థులు ఇద్దరిద్దరుగా శనివారము వెళ్లి తోడుండుట చేయుట. మనము కొరతగా ఎంచిన తమిళమే అక్కడ వరమగును.

తెలుగు అక్షరములను కూడ నేర్పుడి. ఆరాధనకు ముందు అరగంట చాలును. నేర్చినవానిచేత ఆదివారము వాక్యము చదివింపుడి. తడబడినను ఎవరును నవ్వకూడదు.

యేసు నజరేతునకు వెళ్లి తలిదండ్రులకు లోబడి జ్ఞానమందు వర్ధిల్లెను. వినబడిన బిడ్డ లోబడుటయు నేర్చుకొనును.

చర్చించుకొనుటకు:
1. మన సంఘములో పదునైదు మొదలు ఇరువదియైదేండ్లవారు ఎందరు? వారి పేర్లు చెప్పగలమా?
2. గత మూడు నెలలలో కూటమునకు రానివారి యింటికి ఎవరు వెళ్లిరి?
3. పెద్దలు చేయుచున్న ఏ పనిని ఈ సంవత్సరము యౌవనస్థులకు అప్పగింపగలము?

ప్రార్థన: ప్రభువా, మా బిడ్డలు మాతో ఉన్నారని ఊరకే తలంచక, వెదకి కనుగొను మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.