తుంటి ఆపరేషన్ అయ్యాక అమ్మ లేవలేకపోతోంది

ప్రశ్న: అమ్మకు 78 ఏళ్లు. జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయి మూడు వారాలైనా లేవలేకపోతోంది. ఇదే ఆపరేషన్ అయిన 82 ఏళ్ల పక్కింటి పెద్దాయన నడుస్తున్నారు. ఎందుకిలా?

జవాబు: వయసు చూసి పోల్చకండి. పడకముందు అమ్మగారు ఎలా ఉండేవారో గుర్తుచేసుకోండి. బరువు తగ్గడం, చేతిపట్టు సడలడం, నడక నెమ్మదించడం, ఊరికే అలసిపోవడం కలిస్తే వైద్యులు ‘ఫ్రెయిల్టీ’ అంటారు. ఇంట్లో మనం ‘ఒంట్లో సత్తువ లేదు’ అనేది దాదాపు ఇదే. ఆపరేషన్‌లో వేసిన రాడ్డు ఎముకను నిలబెడుతుంది కానీ, మంచంలో గడిచే ప్రతిరోజూ ఉన్న కాస్త కండా కరిగిపోతుంది. మతి తడబాటు, న్యుమోనియా, వీపు పుండ్ల భయం కూడా ఇలాంటివారికే ఎక్కువ.

ప్రేమతోనే అయినా ‘కదలకమ్మా’ అనకండి. కాలిమీద బరువు మోపవచ్చో లేదో సర్జన్‌ను అడిగి, ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు వాకర్‌తో రోజూ కొన్నిసార్లు నిలబెట్టండి. పథ్యమంటూ చారన్నంతో సరిపెట్టవద్దు. కిడ్నీ జబ్బు లేకపోతే కిలో బరువుకు కనీసం 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. 50 కిలోలుంటే 60 గ్రాములు. గుడ్లు, పప్పు, పెరుగు, చేప పెట్టండి. నిద్రమాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. ఎముక బలానికి మందు గురించి తప్పక అడగండి, చాలామందికి అది రాయరు. మునుపటి నడక పూర్తిగా రాకపోవచ్చు. కోలుకోవడానికి నెలలు పడుతుంది, మూడు వారాలకే ఆశ వదులుకోకండి.