పసివాని ఊపిరి

గోదావరి ఒడ్డున ఉన్న రామగుండం, గోదావరిఖని బొగ్గుకు, విద్యుత్తుకు పేరుపొందిన ఊళ్లు. 1889లో ఇల్లందులో మొదలైన బొగ్గు తవ్వకం ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో ఈ నేలకూ విస్తరించింది. 1983లో ఇక్కడి ఎన్.టి.పి.సి. కేంద్రంలో తొలి యూనిట్ వెలిగింది. భూగర్భ గనులకు తోడు ఓపెన్‌కాస్టు గనులు వచ్చాయి. బాయి సైరనుతో దినచర్య సాగే ఈ సీమలో శ్రమ వెంటే దుమ్ము, పొగ, బూడిద కూడా ఉన్నాయి. అందువల్ల ఇక్కడ దగ్గు ఎవరికీ వింతగా తోచదు. పసిపిల్లల పాలిట ప్రమాదం అక్కడే పొంచి ఉంది. అందరూ దగ్గే చోట ఒక పసివాని దగ్గు ఎవరి చెవికీ ఎక్కదు.

ఇక్కడి కార్మికుని ఇల్లు ఒకటి ఊహించవచ్చు. తాత ముప్ఫై ఏళ్లు బాయి పని చేసి దిగిపోయినవాడు. ఆయన దగ్గుకు కారణం ఊపిరితిత్తుల్లో పేరుకొన్న బొగ్గుధూళి కావచ్చు. న్యుమోకోనియోసిస్ అనే ఆ జబ్బును చట్టం గని కార్మికుల వృత్తిరోగంగా గుర్తించింది. మనుమడు ఏడేళ్లవాడు. నెలలో నాలుగైదు రాత్రులు తెల్లవారుజామున దగ్గుతో లేచి కూర్చుంటాడు. పొద్దెక్కేసరికి మామూలుగా ఉంటాడు. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన తండ్రికి బడికి పోతున్న కొడుకే కనిపిస్తాడు గాని, నిద్రలేని కొడుకు కనిపించడు. "దుమ్ముకు దగ్గుతుండు" అని ఇంటివారు సరిపెట్టుకొంటారు. కాని తాత జబ్బు ఏళ్ల తరబడి ధూళి పీల్చినవారికి వచ్చేది. మనుమనిది ఉబ్బసం కావచ్చు. దగ్గు ఒకటే అయినా రోగాలు వేరు, చికిత్సలు వేరు.

ఉబ్బసంలో శ్వాసనాళాల లోపలి పొర వాచి ఉంటుంది. చల్లగాలి, పొగ, దుమ్ము, జలుబు, పరుగు వంటివి తోడైనప్పుడు నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకొంటాయి. లోపల జిగురు ఊరుతుంది. ఇరుకైన ఆ దారిలో గాలి బయటకు వచ్చేటప్పుడు సన్నని ఈలవంటి చప్పుడు పుడుతుంది. దానినే తెలుగువారు పిల్లికూతలు అన్నారు. వంశంలో ఉబ్బసమో, తుమ్ములో, చర్మపు దురదలో ఉన్న పిల్లలకు ఇది వచ్చే అవకాశం ఎక్కువ. దుమ్ము, పొగ దీనిని రెచ్చగొడతాయి.

ఈ రోగాన్ని గుర్తించడం మన పూర్వులకు కొత్త కాదు. చరకసంహిత ఐదు విధాలైన శ్వాసరోగాలను చెప్పి, అందులో తమకశ్వాసను విపులంగా వర్ణించింది. మబ్బు, వాన, చలి, తూర్పుగాలి ఆ రోగాన్ని పెంచుతాయనీ, రోగి పడుకొంటే బాధ హెచ్చుతుందనీ, లేచి కూర్చుంటే ఊరట కలుగుతుందనీ చెప్పింది. యంత్రాలు లేని కాలంలో ఆ జ్ఞానం రోగిని గమనించడం వల్ల కలిగింది. నేటి వైద్యుడూ అక్కడినుంచే మొదలుపెడతాడు.

ఒక్క రక్తపరీక్షతోనో, ఒక్క ఎక్స్‌రేతోనో ఉబ్బసం తేలదు. ఉబ్బసం ఉన్న పిల్లల ఎక్స్‌రే తరచు మామూలుగానే ఉంటుంది. దానిని తీసేది ముఖ్యంగా ఇతర రోగాలు లేవని తేల్చుకోవడానికి. అందుకే వైద్యుడు ముందుగా తల్లిని అడుగుతాడు. దగ్గు రాత్రివేళ ఎక్కువా? ఆడినా, నవ్వినా, ఏడ్చినా వస్తుందా? తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుందా? మళ్లీ మళ్లీ రావడం, మధ్యలో బాగుండటం, మందుతో తేలికపడటం అనేవి మూడూ ఉబ్బసానికి ఆనవాళ్లు. వారాల తరబడి జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయ వంటివి వెతకాలి. పల్లీ గింజ తింటూ హఠాత్తుగా దగ్గు మొదలైతే ఆ గింజ శ్వాసనాళంలో చిక్కిందేమో చూడాలి.

సుమారు ఆరేళ్లు దాటిన పిల్లలకు స్పైరోమెట్రీ పరీక్ష చేయవచ్చు. బిడ్డ గొట్టంలోకి బలంగా ఊదితే, మొదటి సెకనులో ఎంత గాలి బయటకు వచ్చిందో యంత్రం కొలుస్తుంది. తర్వాత నాళాలను విప్పే సాల్బుటమాల్ మందు పీల్పించి, పది పదిహేను నిమిషాలకు మళ్లీ ఊదిస్తారు. గాలి 12 శాతానికి మించి పెరిగితే ఉబ్బసమనడానికి బలమైన ఆధారం. బాగున్న రోజున ఫలితం మామూలుగా ఉన్నంతమాత్రాన రోగం లేదని చెప్పడానికి వీలులేదు. ఐదేళ్లలోపు పిల్లలకు నిర్ధారణ ఇంకా కష్టం. జలుబు చేసినప్పుడు మాత్రమే పిల్లికూతలు వచ్చే పసివారిలో చాలామందికి పెరిగేకొద్దీ అవి పోతాయి. అటువంటప్పుడు వైద్యులు కొన్నాళ్లు మందు వాడి, ఫలితం చూసి నిర్ణయిస్తారు.

రోగం పేరు వినడానికే భయపడే తల్లిదండ్రులు ఉన్నారు. ఆడపిల్లకు ఉబ్బసమని తెలిస్తే పెళ్లి కాదని దాచేవారూ ఉన్నారు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని మరికొందరి అపోహ. నిజానికి పీల్చే మందు మైక్రోగ్రాముల్లోనే ఉండి నేరుగా శ్వాసనాళాలను చేరుతుంది. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిని కుటుంబం పంచే చేపప్రసాదానికి వేలమంది తరలివెళతారు. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయ పరీక్షల్లో రుజువు కాలేదు. దానిని నమ్మి రోజువారీ మందు మానడం బిడ్డకు ముప్పు.

బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా, ఒక్క మాట పూర్తిగా పలకలేకపోయినా, పెదవులు నీలంగా మారినా క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. అలసిన బిడ్డలో పిల్లికూతలు హఠాత్తుగా ఆగిపోతే తగ్గిందని సంతోషించరాదు. గాలి కదలడమే తగ్గిపోయిందని దానికి అర్థం కావచ్చు.

భూగర్భంలో పైకప్పు చేసే చిన్న చప్పుడును కూడా గని కార్మికుడు చెవి ఒగ్గి వింటాడు. అతని ప్రాణం ఆ వినికిడి మీదే ఆధారపడి ఉంటుంది. ఇంట్లో తెల్లవారుజామున వినిపించే చిన్న ఈలకూ అంతటి శ్రద్ధ అవసరం. సకాలంలో గుర్తించి మందు వాడితే ఉబ్బసమున్న బిడ్డ అందరిలాగే చదువుతాడు, ఆడుతాడు, రాత్రి హాయిగా నిద్రపోతాడు.

అర్థాలు
ఉత్తరార్ధం = రెండవ సగం
విపులంగా = వివరంగా
ఆనవాలు = గుర్తు
అపోహ = తప్పు అభిప్రాయం

ప్రశ్నలు
1. బొగ్గుగనుల ప్రాంతంలో పిల్లల ఉబ్బసం ఎందుకు మరుగున పడుతుందో వివరించండి.
2. ఉబ్బసాన్ని నిర్ధారించడంలో తల్లి మాటకు గల ప్రాధాన్యం ఏమిటి?
3. తమకశ్వాస లక్షణాలను తెలపండి.
4. పిల్లికూతలు అనగానేమి?