లామినేషన్ యంత్రము: తెలిసికొనవలసినవి, ఎన్నుకొనవలసిన విధము

పల్లెలో కాగితమునకు శత్రువులు పెక్కు. కురియు కప్పు, పెట్టె అడుగున చేరిన చెద, చెమట పట్టిన చేయి, వీనిలో ఏ యొక్కటి చాలినను ఇంటి పత్రము పాడగును. అందుచేతనే కాగితమును ప్లాస్టిక్ పొరల నడుమ భద్రపరచు లామినేషన్ నేడు ఇంత వాడుకలోనికి వచ్చినది. స్వయం సహాయక సంఘములవారును, చదువుకొన్న యువకులును జిరాక్సు యంత్రముతోపాటు దీనిని గూడ కొని ఉపాధి కల్పించుకొనవచ్చును. అయితే కొనుటకు ముందు ఈ యంత్రము చేయు పని యెట్టిదో తెలిసికొనుట అవసరము.

యంత్రము పనిచేయు విధము

కాగితమును ఉంచు ప్లాస్టిక్ కవరును పౌచ్ అందురు. దాని వెలుపలి పొర గట్టి పాలియెస్టర్. లోపలి పొర వేడికి కరగు జిగురు. యంత్రములోని రబ్బరు రోలర్లు సుమారు 100 మొదలు 140 డిగ్రీల సెంటిగ్రేడు వరకు గల వేడిలో పౌచ్‌ను నొక్కును. జిగురు కరగి కాగితమును పట్టుకొని, చల్లారిన పిదప బిగిసికొనును. ఒకసారి అతికిన దానిని కాగితమునకు హాని లేకుండ విడదీయుట ఇంచుమించు అసాధ్యము. ఈ యొక్క సంగతిని మనము ఎన్నడును మరువరాదు.

ఎన్నుకొనునపుడు

మొదట వెడల్పు చూడవలెను. ఎ4 కాగితపు వెడల్పు 21 సెంటిమీటర్లు. గుర్తింపు కార్డులకు, సాధారణ పత్రములకు ఎ4 యంత్రము చాలును. బడి పటములు, పెద్ద ప్రకటనలు కూడ చేయదలచినచో 29.7 సెంటిమీటర్ల వెడల్పు గల ఎ3 కాగితము పట్టు యంత్రము కొనవలెను.

రెండవది మందము. పౌచ్ మందమును మైక్రానులలో చెప్పుదురు. వేయి మైక్రానులు ఒక మిల్లీమీటరు. 125 మైక్రానుల పౌచ్ అనగా సాధారణముగా ఒక్కొక్క పొర మందము 125. రెండును కలిసి పావు మిల్లీమీటరు. యంత్రము ఎంత మందము వరకు పట్టునో అడిగి తెలిసికొనవలెను.

మూడవది, వేడిని హెచ్చించుటకు, తగ్గించుటకు వీలుండవలెను. పౌచ్ లోపల చిక్కుకొన్నచో వెనుకకు రప్పించు మీట తప్పక ఉండవలెను. అది లేని యంత్రము చౌకగా వచ్చినను కొనదగదు.

నాలుగవది విద్యుత్తు. వేడి పుట్టించు యంత్రమగుటచే ఇది కరెంటు ఎక్కువ తీసికొనును. దానిపై వ్రాసియున్న వాట్ల సంఖ్యను చూచి, మన ఇన్వర్టరు ఆ బరువును మోయగలదో లేదో తేల్చుకొనవలెను.

వాడునపుడు

యంత్రము తగినంత వేడెక్కిన తరువాతనే పని మొదలిడవలెను. కాగితము చుట్టును కనీసము 3 మిల్లీమీటర్ల అంచు విడువవలెను. పౌచ్‌లో అతికియున్న అంచును ముందుగా లోనికి పంపవలెను. బయటికి వచ్చినది మసకగా ఉన్నచో వేడి చాలలేదనియు, అలలు తేలినచో వేడి మించినదనియు గ్రహింపవలెను. ఖాళీ పౌచ్‌ను పంపినచో జిగురు రోలర్లకు అంటుకొనును.

చేయరానివి

భూమి దస్తావేజులు, పదవ తరగతి మొదలగు పరీక్షల అసలు ధ్రువపత్రములు లామినేషన్ చేయరాదు. వానిపై అధికారి సంతకము, ముద్ర, వ్రేలిముద్ర ఉండును. వివాదము వచ్చిన నాడు కాగితమును, సిరాను పరీక్షింపవలసి రావచ్చును. వెనుకవైపు మరియొక ముద్ర వేయవలసి రావచ్చును. ప్లాస్టిక్ కప్పిన పిదప ఇవి సాగవు. మేలు చేయబోయి పిల్లవాని చదువునకు, పొలమునకు సాక్ష్యమైన పత్రమునే చెరచినవార మగుదుము. బ్యాంకు యంత్రమునుండి వచ్చు చీటీ వంటి వేడికి స్పందించు కాగితము వెంటనే నల్లబడును. ఆధార్‌ను సామాన్యమైన కాగితముపై ముద్రించుకొన్నను చెల్లునని భారత విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ 2018లోనే తెలిపినది.

దస్త్రములను కాపాడు నిపుణులకు సైతము ఈ పాఠము అనుభవముచేతనే తెలిసినది. 1930ల దశాబ్దిలో అమెరికాలో విలియం బారో అను ఆయన పాత దస్త్రములను సెల్యులోజ్ ఎసిటేట్ పొరలతో అతికించు పద్ధతిని ప్రవేశపెట్టెను. కాలక్రమమున ఆ పొరయే చివికి ఆమ్లము పుట్టించుట కనుగొని, దస్త్రాగారములు దానిని విడనాడినవి. నేడు పత్రమును అతికింపక, పాలియెస్టర్ పొరల నడుమ ఉంచి అంచులు మాత్రమే మూయుట మేలని యెంచుచున్నారు.

మనకు గూడ మార్గ మిదియే. అసలు పత్రమును అతకని స్వచ్ఛమైన ప్లాస్టిక్ కవరులో ఉంచి, తడి తగులని చోట దాచవలెను. దాని నకలును లామినేషన్ చేయించి నిత్యము వాడుకొనవలెను. దుకాణము నడుపువారు అసలు పత్రము చేతికి వచ్చినపుడు, “ఇది అసలా, నకలా?” అని ఒక్కమాట అడుగవలెను. ఆ ప్రశ్నవలన ఆనాటి సంపాదన కొంత తగ్గవచ్చును. ఒక కుటుంబపు ఆధారము మాత్రము నిలుచును.